మూడో పట్టిక చివరి వరుస గురించి

హనుమకొండ

ప్రియమైన డాక్టరమ్మకు,

మీ ప్రచురణల జాబితా, బీపీ అదుపు మీద రాసిన కొత్త వ్యాసం ముసాయిదా అందాయి. భాష శుభ్రంగా ఉంది, లెక్కలు తప్పు పోలేదు. అయితే మూడో పట్టిక చివరి వరుసలో మళ్లీ రాని రోగులను చూపి, దాని కింద మీరు రాసిన ఒక వాక్యం నన్ను బాధపెట్టింది కాబట్టి దాని గురించే రాస్తున్నాను: "నిర్లక్ష్యం వల్ల తిరిగి రాని రోగులను విశ్లేషణ నుండి తొలగించాము."

అది నిర్లక్ష్యమని మీకు ఎవరు చెప్పారు? వారి ఇంటికి ఎవరైనా వెళ్లి అడిగారా? నేను పరకాల వైపు పల్లెల్లో బీపీ రోగుల రిజిస్టరు పట్టుకుని తిరిగిన రోజుల్లో, దవాఖానకు రావడం మానేసిన వారి ఇళ్లకు ఒక పెద్ద వయసు ఏఎన్‌ఎం నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. కొందరు మరమగ్గాల పనికి భివండికి వలస పోయారు, కొందరు పత్తి ఏరే కూలి పోతుందని ఆగిపోయారు. ఒకామె నెలకు సరిపడా గోలీలు ఇవ్వకుండా పది రోజులకే ఇస్తున్నారని, ప్రతిసారీ ఆటో కిరాయి పెట్టుకోలేక మానేశానని చెప్పింది. చివరి ఇంట్లో మనిషే లేడు. పక్షవాతం వచ్చి చనిపోయాడు. రిజిస్టరులో మాత్రం అతని పేరు ఎదుట "రాలేదు" అని ఉంది.

మీరు వదిలేసిన వారిని లెక్కలోకి తెచ్చినప్పుడే ఆ పత్రానికి విలువ వస్తుందని నా గట్టి నమ్మకం. నూరు మంది చేరారనుకోండి. నలభై మంది మళ్లీ రాలేదు, వచ్చిన అరవై మందిలో నలభై రెండు మందికి బీపీ 140/90 కంటే తగ్గింది. రాని వారిని తీసేస్తే నియంత్రణ డెబ్బై శాతం, ఉంచితే నలభై రెండు. రెండూ ఒకే పల్లె లెక్కలే. కానీ మొదటిది ప్రభుత్వానికి పని అయిపోయిందని చెబుతుంది, రెండోది పని ఎక్కడ మిగిలిందో చూపిస్తుంది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం, తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాలలో తొలి అడుగు వేసినప్పటి నుండి, గడువుకు రాని వారిని కూడా ఒక ఫలితంగానే లెక్కిస్తూ వస్తోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది రాసుకునే ఆ లెక్కకు ఉన్న నిజాయితీ మన పత్రాలకు లేకపోతే ఎలా?

మీ జాబితా చూసినా నాకు ఇదే తోచింది. ఒక్క మండలంలో ఒక్కసారి జరిపిన సర్వే నుండి బీపీ మీద ఒకటి, షుగర్ మీద ఒకటి, పొగాకు మీద ఒకటి, ఊబకాయం మీద ఒకటిగా పత్రాలు వచ్చాయి. ఆ మనుషుల దగ్గరికి రెండోసారి వెళ్లినట్టు ఒక్క పత్రంలోనూ లేదు. దీర్ఘవ్యాధి అన్నప్పుడు దాన్ని దీర్ఘకాలం చూడాలి కదా అమ్మా. వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని పల్లెలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే జనరల్ ప్రాక్టీషనర్ అదే ఊరి వారి బీపీని దశాబ్దాల పాటు కొలిచాడు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువగా అందుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన మనిషి ఆయనే. పాతికేళ్ల పని ఫలితం 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, పక్క ఊరితో పోలిస్తే అక్కడ అకాల మరణాలు తక్కువగా ఉన్నాయి. భూపాలపల్లి గనుల పక్కన పనిచేసే మీకు ఆ పల్లె అంత పరాయిది కాదు.

ఇలాంటి పని అచ్చు కావడం కష్టమని నాకు తెలుసు. నా మొదటి పత్రాన్ని ఒక సంపాదకుడు "ఒక్క జిల్లా సంగతి, అంతర్జాతీయ పాఠకులకు ఆసక్తి ఉండదు" అని తిప్పి పంపాడు. ఆ నెల అదే పత్రిక సంచికలో ఇంగ్లండులోని ఒక్క పట్టణం గురించిన వ్యాసం ఉంది. ఆ అన్యాయం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు. ఇప్పుడు కొత్త మోజు వచ్చింది: రోగి ముఖం చూడని వారు ఎవరో పోగు చేసిన సమాచారాన్ని యంత్రానికి ఇచ్చి ఎవరికి గుండెపోటు వస్తుందో చెబుతామంటారు, పత్రికలు వాటికి ముందు వరుసలో చోటిస్తాయి. మీరు అడిగిన హెచ్-ఇండెక్స్, అంటే ఒకరి పత్రాలెన్ని, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారు అని చూసే కొలమానాన్ని, 2005లో ప్రతిపాదించినవాడు హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త. ఒక్క రోగికైనా బీపీ అదుపులోకి వచ్చిందా అని అది ఎన్నడూ అడగదు. పదోన్నతి కమిటీ అడిగే పత్రాలు రాయక తప్పదు, రాయండి. కానీ వాటితోనే మీ రాబోయే పదేళ్లు నిండిపోకూడదు.

మరొక్క మాట. ఇల్లిల్లూ తిరిగి ఆ సమాచారం తెచ్చిన ఏఎన్‌ఎం పేరు కృతజ్ఞతలలో కూడా లేదు. చేర్చండి.

ఏప్రిల్ నాటికి పత్తి, మిర్చి పనులు ముగుస్తాయి, మనుషులు ఇళ్ల దగ్గర దొరుకుతారు. ఆమెను వెంటబెట్టుకుని ఆ చివరి వరుసలోని ప్రతి ఇంటికీ వెళ్లండి. వలస పోయినవారెవరు, చనిపోయినవారెవరు, ప్రైవేటులోనో ఆర్‌ఎంపీ దగ్గరో చూపించుకుంటున్నదెవరు, గోలీలు మానేసినదెవరు అని విడిగా రాసి, అందరినీ హారంలో ఉంచి మూడో పట్టికను మళ్లీ వేసి నాకు పంపండి. అది వచ్చాకే మిగతా పట్టికలు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి