డ్రైక్లీనింగ్ ద్రవంలో సూర్యుడి లెక్క

ప్రశ్న: న్యూట్రినోలనే అతిచిన్న కణాలు దేన్నైనా దాటుకుని పోతాయంటారు కదా. దేనికీ చిక్కనివాటిని లెక్కపెట్టేదెలా?

జవాబు: అసలే చిక్కవని కాదు, మహా అరుదుగా చిక్కుతాయి. మీ బొటనవేలి గోటిలోంచి సెకనుకు దాదాపు 6,500 కోట్ల సౌర న్యూట్రినోలు పోతున్నాయి. రాత్రిపూటా అంతే, కాకపోతే అప్పుడు భూమిని దాటుకుని కిందినుంచి వస్తాయి.

అమెరికాలో రేమండ్ డేవిస్ 1960ల చివర్లో హోమ్‌స్టేక్ బంగారు గనిలో, దాదాపు కిలోమీటరున్నర లోతున, 3,80,000 లీటర్ల పెర్‌క్లోరోఎథిలీన్ తొట్టె పెట్టాడు. బట్టల డ్రైక్లీనింగ్‌కు వాడే ద్రవమే అది. తగినంత శక్తి ఉన్న న్యూట్రినో అందులోని క్లోరిన్-37 కేంద్రకానికి తగిలితే అది ఆర్గాన్-37 అవుతుంది. అంత తొట్టెలోనూ రెండు రోజులకు ఒక పరమాణువు తయారైతే గొప్ప! కొన్ని వారాలకోసారి తొట్టెలోకి హీలియం బుడగలు పంపి, ఆ ఆర్గాన్‌ను ఊడ్చుకొచ్చి, బాగా చల్లబరిచిన బొగ్గులో పట్టి, శుద్ధిచేసి, చిన్న గొట్టంలాంటి కౌంటర్‌లో నింపి, అది క్షయమయ్యేటప్పటి సంకేతాలను లెక్కపెట్టేవారు. ఆర్గాన్-37 అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం క్షయమయ్యే కాలం, 35 రోజులు. అందుకే నెలల తరబడి ఆగినా లాభం లేదు, పుట్టినంత వేగంగానూ పోతుంటుంది. నేలమీద చేయకూడదా అంటే, అంతరిక్షంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల కూడా క్లోరిన్ ఆర్గాన్‌గా మారుతుంది. ఏది ఎవరి పనో తేలదు.

ప్రశ్న: ఆ లెక్క అనుకున్నదాంట్లో మూడో వంతే వచ్చిందట. తప్పెక్కడ?

జవాబు: కొందరు తొట్టెను అనుమానించారు, కొందరు సూర్యుడిలోంచి ఎన్ని రావాలో చెప్పే సిద్ధాంత నమూనాను. రెండూ సరైనవే. న్యూట్రినోలు మూడు రకాలు: ఎలక్ట్రాన్, మ్యూఆన్, టౌ. సూర్యుడిలో పుట్టేది ఎలక్ట్రాన్ రకం, క్లోరిన్ పట్టేదీ దాన్నే. కానీ న్యూట్రినోలు ఒక రకంనుంచి ఇంకో రకంలోకి మారగలవు. అలా మారినవి తొట్టెకు కనబడవు. డేవిస్ పట్టినలాంటి ఎక్కువ శక్తి న్యూట్రినోల్లో ఈ మార్పు చాలావరకు సూర్యుడి లోపలే జరిగిపోతుంది. భూమికి వచ్చే 8 నిమిషాల దారిలో మారతాయని చాలామంది ఊహించుకుంటారు.

కెనడాలోని సడ్బరీలో 1,000 టన్నుల భారజలంతో (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) రెండు లెక్కలు తీశారు: ఎలక్ట్రాన్ రకం విడిగా, మూడూ కలిపి. 2002లో తేలిందేమిటంటే, మొదటిది మూడో వంతు, రెండోది నమూనా చెప్పినంతా. మూడింటికీ ద్రవ్యరాశి సున్నా అయితే ఇలా మారడం కుదరదు. కాబట్టి కొంతైనా ఉంది, ఎలక్ట్రాన్‌ ద్రవ్యరాశిలో పదిలక్షల వంతుకన్నా తక్కువే అయినా.

ప్రశ్న: ఇన్ని మన ఒంట్లోంచి పోతే హాని లేదా?

జవాబు: లేదు. మన ఒంట్లోని పొటాషియం కూడా సెకనుకు కొన్ని వేల యాంటీన్యూట్రినోలను (న్యూట్రినోలకు ప్రతికణాలు) వదులుతూనే ఉంటుంది.

ప్రశ్న: కోలార్ గనుల్లోనూ ఇవి దొరికాయా?

జవాబు: దొరికాయి, కానీ సూర్యుడివి కావు. కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టినవి. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు 2.3 కిలోమీటర్ల లోతున సింటిలేటర్లు (కణం తగిలితే మెరిసేవి), నియాన్ ఫ్లాష్ ట్యూబులు (కణం పోయిన దారిని చూపేవి) గోడల్లా నిలబెట్టారు. పైనుంచి దిగే మ్యూఆన్లు (ఎలక్ట్రాన్‌లాంటివే, ఇంకా బరువైన కణాలు) కొన్ని అంత లోతుకూ వస్తాయి. అడ్డంగా వచ్చేవి మాత్రం దారిలో ఉన్న రాయిని దాటి బతకలేవు. అందుకే అడ్డంగా ఒక మ్యూఆన్ కనిపిస్తే, దగ్గరి రాతిలోనే ఏదో న్యూట్రినో తగిలి దాన్ని పుట్టించిందన్నమాట.