మధ్యాహ్నం వేడి ఎక్కువ, వాన తక్కువ చూపిస్తుంటే

మీ వెదర్ స్టేషన్ మధ్యాహ్నం 4 డిగ్రీలు ఎక్కువ, వాన మాత్రం తక్కువ చూపిస్తోందన్నారు కదండీ. కొత్తది కొనే తొందర వద్దు. డాబా గోడకు బిగించానని రాశారు, చిక్కంతా అక్కడే. ఎండకు కాగిన గోడ వేడి కూడా ఆ కొలతలో కలుస్తోంది. గోడలకు దూరంగా, గడ్డి నేల మీద 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, గాలి ఆడే తెల్లటి పలకల గూడులో సెన్సర్ పెట్టండి.

ఇక వాన సంగతి. వాన కొలిచే డబ్బా పైనున్న గరాటు తీసి లోపల చూడండి. నా దాంట్లో ఓసారి సాలీడు గూడు కట్టేసి, వాన నీటిని లెక్కపెట్టేందుకు అటూ ఇటూ తూగే చిన్న బకెట్ సగంలోనే ఆగిపోయింది. మెత్తటి బ్రష్‌తో తుడిచి, లెవెల్ సరిచూసి, గరాటు మళ్లీ పెట్టి, అందులో కొలిచిన నీళ్లు బొట్లుబొట్లుగా పోయండి. గరాటు మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే 200 మిల్లీలీటర్లకు 10 మిల్లీమీటర్లు చూపాలి. గబగబా పోస్తే లెక్క తప్పుతుంది, అరగంటైనా పట్టనివ్వండి.