అడ్డంగా చాచిన ఆర్మ్‌కు కెమెరా బిగిస్తే ట్రైపాడ్ ముందుకు ఒరిగిపోతోంది: సమాధానం

వంటకాన్ని పైనుంచి ఫొటో తీయబోతే మీ ట్రైపాడ్ ఒరిగిపోవడానికి కారణం, బహుశా, ఆర్మ్ (ట్రైపాడ్ పైన బిగించి, కెమెరాను మోసే అడ్డ కడ్డీ) రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపుకు చాచి ఉండటమూ, దాని వెనుక కొసన బరువు లేకపోవడమూను.

1. ఒక కాలు సరిగ్గా ఆర్మ్ కిందికి వచ్చేలా ట్రైపాడ్‌ను తిప్పండి. ట్రైపాడ్ మధ్యలోని నిలువు కడ్డీని (మధ్య కడ్డీని) పైకి లేపకండి.

2. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇసుక సంచిని మధ్య కడ్డీ కొక్కేనికి తగిలిస్తే ట్రైపాడ్ కొంత నిలదొక్కుకుంటుంది గానీ, ఆర్మ్ బిగింపుపై పడే భారం అలాగే మిగిలి, కెమెరా మెల్లగా కిందికి వాలుతూనే ఉంటుంది. కాబట్టి బరువును ఆర్మ్ వెనుక కొసకే కట్టాలి. లెన్స్‌తో కలిపి 800 గ్రాములున్న కెమెరా మధ్య కడ్డీ నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనుక 25 సెంటీమీటర్ల దూరంలో సుమారు 1.6 కిలోలు కావాలి. ఆర్మ్ సొంత బరువును బట్టి కొద్దిగా సవరించుకోండి. సంచి ఊగకుండా బిగించి కట్టడం తప్పనిసరి, ఎందుకంటే ఆ ఊపు ఫొటోలో మసకగా కనిపిస్తుంది.

3. రెండు వైపులా బరువు పడేవరకు, విప్పేటప్పుడు కూడా, ఆర్మ్‌ను చేత్తో పట్టుకునే ఉండండి.

4. బటన్ నొక్కాక పొడవైన ఆర్మ్ కుదుటపడటానికి కెమెరాలోని 2 సెకన్ల టైమర్ తరచుగా చాలదు. 10 సెకన్లు పెట్టండి.