షార్ట్ షిఫ్టర్ వేశాక ఫస్ట్, రివర్స్ పడకపోతే

ఫోక్స్‌వ్యాగన్ పోలో టీఎస్ఐ కారుకి షార్ట్ షిఫ్టర్ (గేర్ లీవర్ కదలికను తగ్గించే పార్ట్) వేయించాక ఫస్ట్, రివర్స్ గేర్లు సరిగ్గా పడకుండా పట్టేస్తున్నాయంటే గేర్‌బాక్స్‌ని అనుమానించకండి. ఎక్కువగా గేర్ లీవర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే కేబుళ్ల అడ్జస్ట్‌మెంటే తప్పి ఉంటుంది. లీవర్ కదలిక తగ్గింది కాబట్టి, ఇదివరకు తెలియని చిన్న తేడా కూడా ఇప్పుడు బయటపడుతుంది.

1. న్యూట్రల్‌లో పెట్టి, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీయండి.
2. రెండు కేబుళ్ల చివరనున్న స్ప్రింగ్ లాక్‌లను లాగి, తిప్పి వదులుగా ఉంచండి.
3. గేర్‌బాక్స్ మీదున్న సెలెక్టర్ షాఫ్ట్‌ను (గేర్లు మార్చే కడ్డీ) కిందికి నొక్కి, పక్కనున్న వంపు లీవర్‌తో లాక్ చేయండి.
4. చాలామంది వదిలేసేది ఇదే. కారు లోపల గేర్ బూట్ (లీవర్ చుట్టూ ఉండే తొడుగు) ఎత్తి, లీవర్‌ను కూడా పిన్నుతో లాక్ చేయాలి. 4.5 మి.మీ. డ్రిల్ బిట్ చాలు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ టూల్స్ షాపులోనైనా దొరుకుతుంది. మెకానిక్ కంటి అంచనాతో లీవర్‌ను మధ్యలో పట్టుకుంటానంటే ఒప్పుకోకండి. రెండు వైపులా లాకై ఉన్నప్పుడే కేబుల్ పొడవు సరిగ్గా కుదురుతుంది.
5. ముందు కేబుల్ లాక్‌లు బిగించి, తర్వాతే పిన్ను, వంపు లీవర్ వదలండి.

ఇంజిన్ ఆఫ్‌లో క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. అన్నీ పడితేనే రోడ్డెక్కండి. లీవర్ కాస్త గట్టిగా అనిపించడం షార్ట్ షిఫ్టర్‌కి మామూలే, దానికి టెన్షన్ వద్దు.