పోర్ఫిరియాకు జీన్ సైలెన్సింగ్ సూది: పొలం అమ్మే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ చెల్లెలికి 24 ఏళ్లు, ఏడాదిలో రెండుసార్లు అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా (నరాలను దెబ్బతీసి తీవ్రమైన కడుపునొప్పి తెచ్చే వంశపారంపర్య జబ్బు) ఎటాక్ వచ్చింది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. జీన్ సైలెన్సింగ్ సూది వేయిస్తే జబ్బు మూలంతో సహా పోతుందని, పుట్టబోయే పిల్లలకు రాదని ఎవరో చెప్పడంతో, రెండెకరాలు అమ్మైనా ఆ సూది తెప్పించాలని అనుకుంటున్నారు. దయచేసి పొలం అమ్మవద్దు. ఆ సూది గురించి మీకు చెప్పినదాంట్లో సగం నిజం, సగం అపోహ.

నాది కొత్తపేట దగ్గర ఒక ఊరు. హైస్కూలులో జీవశాస్త్రం చెబుతాను. ఇదే జబ్బు నాకు 2010 కార్తీకమాసంలో బయటపడింది. అప్పటికి నాకూ మీ చెల్లెలి వయసే. వరుసగా మూడో సోమవారం కోటిపల్లి రేవులో స్నానం చేసి, నక్షత్రాలు కనిపించేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉన్నాను. మర్నాటికి కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. స్కానింగులో ఏమీ కనబడకపోయినా అపెండిక్స్ తీసేశారు. నాలుగో రోజుకు నొప్పి మళ్లీ వచ్చింది. కడుపులో ఏమీ లేదని, ఇది పెళ్లి బెంగ అని పెద్ద డాక్టరుగారు తేల్చేశారు. పరీక్షకు ఇవ్వవలసిన మూత్రం సీసాను మా అమ్మ వరండా పిట్టగోడ మీద పెట్టి మరిచిపోయింది. పొద్దున లేత పసుపు రంగులో ఉన్నది, ఎండ తగిలి మధ్యాహ్నానికి అల్లనేరేడు పండ్లు పిండిన రసంలా మారింది. అటుగా వెళుతున్న ఒక చిన్న డాక్టరు ఆ సీసాను చూసి ఆగిపోయారు. వెలుతురు తగలకుండా రెండో నమూనాను ఎక్స్‌రే ఫిల్ముల నల్లకాగితంలో చుట్టించి హైదరాబాదు పంపించారు. ఫలితం వచ్చేలోగా సోడియం పడిపోయి నాకు ఫిట్స్ వచ్చాయి. వాటికి ఫెనిటాయిన్ ఎక్కించారు. ఈ జబ్బులో ఇవ్వకూడని మందుల్లో అదొకటని అక్కడ ఎవరికీ తట్టలేదు. చేతులు చచ్చుబడి, చాక్‌పీసు పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇక సూది సంగతి. మన శరీరం హీమ్ అనే పదార్థాన్ని ఎనిమిది అంచెల్లో తయారు చేస్తుంది. రక్తానికి ఎరుపునిచ్చేది అదే, కాలేయానికి కూడా అది కావాలి. మూడో అంచెలో పనిచేసే ఎంజైము మనలాంటివారిలో దాదాపు సగమే ఉంటుంది. హెచ్ఎంబీఎస్ అనే జన్యువులో లోపం దీనికి కారణం. మన ప్రాంతపు భాషలో చెప్పాలంటే, పంటకాలువ మూడో మైలు దగ్గర పూడిక పడి ఉంది. మామూలు రోజుల్లో వచ్చే కొద్దిపాటి నీరు ఆ పూడిక మీదుగానే సాగిపోతుంది. ఉపవాసం చేసినా, పడని మందు వేసుకున్నా, కొందరిలో నెలసరికి ముందు రోజుల్లోనూ, ఎగువన లాకుల షట్టర్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఏఎల్ఏఎస్1 అనే మొదటి అంచె ఎంజైము పెరగడమంటే అదే. నీరు పూడిక దాటలేక వెనక్కి తన్ని, గట్లు పొర్లి, చేలను ముంచుతుంది. అలా పేరుకున్న పదార్థాలు నరాలను దెబ్బతీయడమే ఆ కడుపునొప్పి, ఆ ఫిట్స్, ఆ చచ్చుబడడం.

మీరు విన్న మందు పేరు గివోసిరాన్. 2019 నవంబరులో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. ఇది పూడిక తీయదు. లోపమున్న హెచ్ఎంబీఎస్ జన్యువు జోలికే వెళ్లదు. ఏ లోపమూ లేని ఏఎల్ఏఎస్1 జన్యువు మాటను, అదీ కాలేయంలో మాత్రమే, అణచిపెడుతుంది. జన్యువు తన ఆదేశాన్ని ఆర్ఎన్ఏ అనే నకలు రూపంలో పంపిస్తుంది. ఈ మందులోని చిన్న ఆర్ఎన్ఏ ముక్క ఆ నకలును పట్టించి ముక్కలు చేయిస్తుంది. ధవళేశ్వరంలో అసలు దస్త్రం బీరువాలో భద్రంగానే ఉంటుంది, షట్టర్లు ఎత్తమని లొల్ల లాకుల లస్కరుకు వెళ్లే ఉత్తర్వు మాత్రం దారిలోనే చిరిగిపోతుంది. పాత ఉత్తర్వులు చించుతూ ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి నెలకొకసారి చర్మం కింద సూది వేస్తూనే ఉండాలి. నకళ్లను ఇలా నిర్వీర్యం చేసే పద్ధతిని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో ఒక సన్నని పురుగులో కనిపెట్టారు. 2006లో వారికి నోబెల్ వచ్చింది.

ఈ మందులలో చాలావాటిది ఇదే తీరు. చిన్నపిల్లల మూత్రపిండాలను రాళ్లతో నింపే ప్రైమరీ హైపరాక్సలూరియా మొదటి రకానికి లుమాసిరాన్ ఉంది. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన వైపు ఆ జబ్బు పేరు తెలిసి ఉండడం మంచిది. ఆ మందు కూడా లోపమున్న జన్యువును వదిలేసి ఇంకొక జన్యువునే అణచిపెడుతుంది. రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హిమోఫిలియాకు 2025లో అనుమతి పొందిన ఫిటుసిరాన్, రక్తం గడ్డకట్టకుండా ఆపే యాంటీథ్రాంబిన్‌ను తగ్గించి తూకం సరిచేస్తుంది. తలసీమియాకు 2023 చివర వచ్చిన కాస్జెవీ అనే చికిత్స వీటి కోవలోది కాదు. అందులో రక్తపు మూలకణాలను బయటికి తీసి వాటి డీఎన్ఏనే కత్తిరిస్తారు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం వల్లనే మీకు ఆ 'మూలంతో సహా' అనే మాట వినబడి ఉంటుందని నా అనుమానం. కాస్జెవీ కూడా అండం, వీర్యకణాల జోలికి వెళ్లదు కాబట్టి, పిల్లల విషయంలో మీరు ఆశించినది అదీ చేయలేదు.

గివోసిరాన్ పని చేయదని కాదు. 94 మందిపై ఆరు నెలలు జరిపిన ప్రయోగంలో, మీ చెల్లెలికీ నాకూ ఉన్న రకం పోర్ఫిరియా రోగులకు ఉత్తుత్తి సూది వేసుకున్నవారికంటే ఎటాక్‌లు 74 శాతం తగ్గాయి. అది చిన్న సంగతి కాదు. అయితే గడచిన ఆరు నెలల్లో కనీసం రెండు ఎటాక్‌లు వచ్చినవారినే ఆ ప్రయోగానికి తీసుకున్నారు. తరచుగా ఎటాక్‌లు వచ్చేవారి మందు అది. కాలేయం, మూత్రపిండాలు, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎలా ఉన్నాయో తరచుగా చూసుకుంటూ వాడాలి. మందు వచ్చిన కొత్తలో అమెరికాలో ప్రకటించిన ధర ఏడాదికి సుమారు 5,75,000 డాలర్లు, అంటే నాలుగు కోట్ల రూపాయల పైమాట. రెండెకరాల డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో మీరే లెక్క వేయండి. ఆ తరువాత ఆపేస్తే షట్టర్లు మళ్లీ లేస్తాయి. నేను ఆ సూది వేయించుకోలేదు, నాకు ఆ అవసరమూ రాలేదు.

నన్ను నిలబెట్టినవి చాలా మామూలు జాగ్రత్తలు. 2014లో ఇంకొక ఎటాక్ వచ్చినప్పుడు, హీమ్‌నే మందుగా ఇచ్చే హీమిన్‌ను విదేశం నుంచి తెప్పించి నాలుగు రోజులు నరంలోకి ఎక్కించారు. దిగువకు సరిపడా నీరు చేరిందని లస్కరుకు కబురు పెట్టడం లాంటిది అది. కబురు అందగానే షట్టర్లు దిగుతాయి. హీమిన్ వచ్చేలోగా, సోడియం చూసుకుంటూ పది శాతం గ్లూకోజ్ ఇచ్చారు. అరుదైన జబ్బులకు 2021లో వచ్చిన జాతీయ విధానంలో ఈ జబ్బుకు హీమిన్ పేరు ఉంది. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల వరకు సాయానికి 2022 నుంచి అవకాశం ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అటువంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. పొలం కాగితాలు పక్కన పెట్టి, ముందు అక్కడ మీ చెల్లెలి పేరు నమోదు చేయించండి.

పెళ్లి మాట ఎత్తారు కనుక రెండు విషయాలు మొహమాటం లేకుండా చెబుతాను. రాత్రి ముహూర్తమని పెళ్లికూతురిని పగలంతా పస్తు ఉంచుతారు. మీ చెల్లెలిని ఉంచవద్దు, పీటల మీద కూర్చునే ముందు కడుపునిండా అన్నం పెట్టండి. ముహూర్తానికి అడ్డు రాకూడదని నెలసరిని వాయిదా వేసే మాత్రలు మన ఇళ్లలో మందుల దుకాణం నుంచి తెచ్చి అడగకుండానే చేతిలో పెడతారు. వాటిలో ఉండే ప్రొజెస్టోజెన్ అనే హార్మోన్ షట్టర్లు ఎత్తే మందుల్లో ఒకటి. నా పెళ్లికి నెలసరి లెక్క చూసుకునే ముహూర్తం పెట్టించాం. పురోహితులవారు కొంచెం గొణిగారు కానీ పెట్టారు. ఇప్పుడు కార్తీక సోమవారాలు స్నానానికి, దీపానికి పరిమితం చేసుకున్నాను. వాడకూడని మందుల జాబితా ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. అబ్బాయి వారికి కూడా ముందే చెప్పండి. పిల్లలకు ఈ లోపం వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నా, లోపం ఉన్నవారిలో అత్యధికులకు జీవితంలో ఒక్క ఎటాక్ కూడా రాదన్నది దాచవలసిన మాట కాదు.

చెల్లెలిని పరీక్షలకు తీసుకువెళ్లినప్పుడు మీ రక్తం కూడా ఇవ్వండి. నాకు ఈ లోపం మా నాన్నగారి వైపు నుంచి వచ్చింది, ఆయనకు మాత్రం ఏనాడూ కడుపునొప్పి రాలేదు. 61వ ఏట హెర్నియా ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు, నా పట్టు మీద ఆ పరీక్ష కాగితం మత్తు డాక్టరుగారికి చూపించారు. ఆయన అది రెండుసార్లు చదువుకుని, ట్రేలో సిద్ధంగా ఉంచిన, ఈ జబ్బులో పడని మత్తుమందు థయోపెంటోన్ సీసాను పక్కకు తీయించారు.