నాన్నగారి గైడు ఆయనే రాసుకోవాలి

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు కాజీపేటలో ఉంటారు. నాన్న రైల్వేలో రిటైరయ్యారు, 72 ఏళ్లు. దసరాకి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, పెట్టెలో ఉన్న గైడు చూసి నేర్చుకోమన్నాను. భూతద్దం పెట్టి చదివినా అర్థం కాలేదన్నారు. రోజూ ఫోన్లో చెప్పీ చెప్పీ ఒకరోజు అరిచేశాను. కొత్త ఫోన్ బీరువాలో పెట్టేసి, పాత బటన్ ఫోనే వాడుతున్నారు. నాతో ముభావంగా ఉంటున్నారు. నవంబర్‌లో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వాలి. ఏం చేయమంటారు?

జవాబు: అన్నిటికన్నా ముందు ఆయనకి సారీ చెప్పండమ్మా. "నేను చెప్పిన తీరు బాలేదు నాన్నా" అంటే చాలు. ఇన్నేళ్లూ తన పని తానే చేసుకున్న మనిషి, కూతురి చేత మాట పడ్డారు. ఫోన్ బీరువాలోకి వెళ్లింది అర్థం కాక కాదు, మనసు కష్టపడి అనుకుంటున్నాను.

ఇక ఆ గైడు సంగతి. సిమ్ ఎక్కడ పెట్టాలి, ఏ బటన్ దేనికి, ఇంతకు మించి అందులో పెద్దగా ఉండదు. మీతో వీడియో కాల్ ఎలా మాట్లాడాలో ఎన్నిసార్లు చదివినా దొరకదు. అది ఆయనే రాసుకోవాలి.

దీపావళికి వెళ్లగలిగితే వెళ్లండి. ఒక రూళ్ల నోట్‌బుక్ కొనండి. పనికో పేజీ. ఫోన్ ఆయన చేతిలోనే ఉండాలి, మీరు ముట్టుకోకూడదు. "ఇలా ఇవ్వండి, నేను చేస్తా" అని లాక్కోవాలనిపిస్తుంది, ఆపుకోండి. మొదటి పేజీ వాట్సాప్‌లో వీడియో కాల్. ఆయన మాటల్లోనే రాయనివ్వండి: "ఆకుపచ్చ బొమ్మ నొక్కాలి. అమ్మాయి పేరు నొక్కాలి. పైన కెమెరా గుర్తు నొక్కాలి." మర్నాడు మీరు చెప్పకుండా ఆ పేజీ చూసి ఆయన్నే చేయమనండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట, దాన్ని చేర్పించండి. పెన్సిల్‌తో రాస్తే మేలు, అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి గుర్తుల చోటు మారిపోతుంటుంది.

ఫోన్ సెట్టింగ్స్‌లో రెండు మార్పులు చేయండి. ఒకటి అక్షరాల సైజు పెంచడం. రెండోది చాలామందికి తెలియదు. పెద్దవాళ్లు కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా నొక్కి పట్టుకుంటారు. దాంతో ఏదో మెనూ తెరుచుకుంటుంది, గుర్తు పక్కకి జరిగిపోతుంది. "నేను పాడుచేశాను" అని కంగారుపడతారు. సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీ అనే చోట, ఎంతసేపు నొక్కితే దాన్ని లాంగ్ ప్రెస్‌గా తీసుకోవాలో ఆ సమయం పెంచే వీలుంది. అది పెంచితే సగం టెన్షన్ పోతుంది.

డబ్బు యాప్‌లు ఇప్పుడే వద్దు. ఆయన అడిగిన రోజున ఆ పేజీలో మొదటి వాక్యం ఇది: "నాకు డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు." దాని కింద 1930, సైబర్ మోసాలకి ఫోన్ చేయాల్సిన నంబరు. దూరం నుంచి చెప్పడానికి స్క్రీన్ షేరింగ్ (ఆయన ఫోన్ తెర మీ ఫోన్లో కనిపించడం) మీకు తేలిక, కానీ ఆయనకి అలవాటు చేయకండి. మోసగాళ్లు అడిగేదీ అదే.

లైఫ్ సర్టిఫికెట్‌ని మొదటి పాఠం చేయకండి. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్, దానితోపాటు ముఖాన్ని ఆధార్‌తో సరిచూసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ ఉంటే ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. కిటికీకి ఎదురుగా కూర్చోమనండి, వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం సరిగా పడదు. ఈ ఏడాది పక్కనుండి చేయించండి. ఆయనకి ఇష్టం లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే ఏర్పాటు ఉంది, ఎప్పట్లా బ్యాంకుకీ వెళ్లొచ్చు. ఈ సంగతి మాత్రం సారీ చెప్పే రోజే చెప్పేయండి. పెన్షన్ ఆగిపోతుందన్న భయంతో ఆయన ఫోన్ పట్టుకోకూడదు.