నాన్నగారి పుండు రెండు నెలలైనా మానకపోతే ఆగొద్దు

మీ నాన్నగారికి 62 ఏళ్లు, పురుషాంగం ముందుచర్మం వెనక్కి రావట్లేదు, దాని కింద పుండు రెండు నెలలుగా మానలేదు, ఇది క్యాన్సరేనా, అసలు ఎంతమందికి వస్తుంది అని అడిగారు కదా బ్రదర్. పురుషాంగ క్యాన్సర్ అరుదే. 2020లో ప్రపంచం మొత్తం మీద కొత్త కేసులు సుమారు 36 వేలు. అమెరికాలో లక్ష మంది మగవాళ్లకు ఏడాదికి ఒక్కటి కూడా ఉండదు, మన దేశంలో అంతకంటే ఎక్కువ. చాలావరకు 50 దాటినవాళ్లకే వస్తుంది. చర్మం బిగుసుకుపోయి లోపల శుభ్రం చేసుకోలేనివాళ్లకు, బీడీ సిగరెట్లు కాల్చేవాళ్లకు, హెచ్‌పీవీ (శారీరక సంబంధం వల్ల అంటుకునే వైరస్) సోకినవాళ్లకు ముప్పు ఎక్కువ. చిన్నప్పుడే సున్తీ అయినవాళ్లలో చాలా తక్కువ.

అలాగని కంగారు పడకండి, ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలా అవుతుంది, ముఖ్యంగా షుగర్ ఉంటే. కానీ చూసి తేల్చలేం, ఈ వారమే యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే తెలిసిపోతుంది. లుంగీకి రక్తపు మరక, దుర్వాసన, గజ్జల్లో గడ్డ ఏమైనా ఉన్నాయేమో నెమ్మదిగా అడగండి, పెద్దవాళ్లు సిగ్గుపడి మెడికల్ షాపు ఆయింట్‌మెంట్‌తోనే నెలలు గడిపేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. తొందరగా దొరికితే చాలామందికి అంగం పోకుండానే నయం చేస్తారు, ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి.